గురి తప్పని ఎర
(వరిచేలలో ఎలుకల నిర్మూలనకు కొన్ని సూచనలు)

ఆకివీడు ప్రాంతములో రైతు సభ ఎక్కడ జరిగినను ఒక ప్రశ్న తప్పక వచ్చుచుండును. కిందటి సార్వాలో ఉప్పుటేరు దాపున జరిగిన సభలో ఒక పెద్దాయన లేచి, “ఏవోగారూ, ఈ మందులూ మాకులూ మాకెందుకండీ? తుపాకి లైసెన్సు ఇప్పించండి. పందికొక్కుల్ని కాల్చిపారేస్తాం” అన్నారు. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. “బాబాయిగారూ, తుపాకి తెస్తాం సరే. అర్ధరాత్రి గట్టు లోపల ఉన్న ఎలుక మీకు కనబడేదెలాగండీ?” అని అడిగితిని. ఆయనయు నవ్వి కూర్చుండిరి.

కాని ఆ ప్రశ్నను నవ్వుతో త్రోసివేయదగదు. తుపాకి పట్టినవానికి తెలిసిన ఒక సూత్రము ఎలుకల మందు పెట్టు రైతునకు మిక్కిలి అవసరము. దానిని వివరించుటకే ఈ వ్యాసము.

తుపాకి చెప్పు పాఠము

పంటల రక్షణకు తుపాకి మన చట్టములో లేనిది కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము, నిజముగా పంటను కాపాడుకొనుటకై గొట్టము మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు పొందవచ్చును. అయితే 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటి సరస్సులో ఏ జంతువును, పక్షిని వేటాడినను నేరమగును.

అమెరికా మైదానములలో ప్రెయిరీ డాగ్, ఉడ్‌చక్ అను బొరియ జంతువులు కలవు. అవి పగటిపూట బయటికి వచ్చి మేయును. అక్కడివారు వానిని చాల దూరమునుండి రైఫిల్‌తో కాల్చుదురు. ఒక కంపెనీ ఒకే నమూనాలో చేసిన రైఫిళ్లన్నియు ఇంచుమించు ఒకే తీరుగ నుండును. అయినను ఒకని గుండు గురికి తగులును, మరియొకని గుండు జానెడు ప్రక్కకు పోవును. అంగడిలో కొన్న తూటాలతో తృప్తిపడనివారు తూటాలను స్వయముగా నింపుకొందురు. ప్రతి తూటాలోను మందు ఒకే తూకము, గుండు ఒకే బరువు, గుండు అమర్చిన లోతు ఒకే కొలత. తూటా తూటాకు తేడా తగ్గినకొలది గుండ్లన్నియు ఒకే చోట పడును. తుపాకి మారలేదు, మారినది దానిలో నింపు సరకు మాత్రమే.

మన ఎలుక పగలు కనబడదు. రాత్రి తిరుగును, గట్టులో దాగును. కనుక మన తుపాకి ఎర, మన గురి కన్నము. మందు కంపెనీనుండి వచ్చును. దానిని మనము మార్చలేము. కాని ఎరను తూచి కలుపుటయు, దానిని సరియైన కన్నములో పెట్టుటయు మన చేతిలోని పనులే.

శత్రువును ముందు గుర్తింపుడు

గోదావరి డెల్టా వరిచేలలో ఎక్కువ నష్టము చేయునది చిన్న పందికొక్కు. గట్టులోనికి తొలిచి, తవ్విన మట్టిని కన్నము ముందు కుప్పగా పోసి, తరచు మూతిని మట్టితో మూసివేసికొనును. బాగుగా ఈదగలదు కనుక చేలో నీరున్నదని ధైర్యపడరాదు. ఎలుకల ముందరి పండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. పిలకను నీటిమట్టమునకు పైగా ఏటవాలుగా కోయును. తిన్నదానికన్న కోసి పారవేసినదే ఎక్కువ. కంకులు గట్టిపడిన తరువాత వానిని కన్నములోనికి మోసికొనిపోయి దాచును.

ఆడది గర్భము దాల్చిన మూడు వారములలో ఈనును. ఈతకు ఆరు మొదలు పది పిల్లలవరకు సాధారణము. పంట పొట్టకు వచ్చువేళకు తిండి సమృద్ధిగా దొరకుటచే ఈ సంతతి మరింత హెచ్చును. కావున నాట్లప్పుడు ఒక జతను వదలినవాడు కోతలనాటికి ఒక గుంపును పోషించును.

మందు పనిచేయు తీరు

1920 దశకములో అమెరికా ఉత్తర భాగమునను, కెనడాలోను బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తము గడ్డకట్టక చనిపోవుచుండెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో కార్ల్ పాల్ లింక్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఆ గడ్డిలోని కారకమును కనుగొనిరి. ఆ పరిశోధననుండి 1948లో వార్ఫరిన్ అను ఎలుకల మందు వాడుకకు వచ్చెను. సుమారు పదేండ్లకే, 1958లో, స్కాట్లండులో ఆ మందునకు లొంగని ఎలుకలు కానవచ్చినవి. అందుచే అంతకన్న బలమైన మందులు తయారైనవి. నేడు మనము వాడు బ్రోమాడయోలోన్ అట్టిదే.

ఈ మందు రక్తము గడ్డకట్టుటకు కావలసిన విటమిన్ కె పనిని అడ్డగించును. తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు మొదలు ఏడు రోజులలో, ఒక్కొక్కప్పుడు ఇంకను ఆలస్యముగా, చచ్చును. ఆ ఆలస్యమే మనకు మేలు. జింక్ ఫాస్ఫైడు వంటి చురుకు మందును కొంచెము తిని బ్రతికిన ఎలుక ఆ బాధను జ్ఞాపకముంచుకొని మరల ఆ ఎరను ముట్టదు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుకకు తన జబ్బు ఏ తిండివలన వచ్చినదో తెలియదు.

ఎర కలుపు విధము

మందు పొడిలో బ్రోమాడయోలోన్ 0.25 శాతముండును. ఎరలో అది 0.005 శాతము కావలెను. అందుకు కొలత ఇది: నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, మందు పొడి 2 పాళ్లు. అనగా కిలో ఎరకు నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, మందు 20 గ్రాములు.

నూకలు ముక్కిపోనివై, పొడిగా నుండవలెను. మొదట నూకలకు నూనె పట్టించి, తరువాత మందు చల్లి, ప్రతి గింజకు రంగు సమముగా అంటువరకు కర్రతో కలుపవలెను. నూనెకు ముందే మందు వేసినచో పొడి అడుగున చేరును. అప్పుడు ఒక పొట్లములో మందు ఎక్కువ, ఇంకొక దానిలో తక్కువ అగును. చేతితో కలుపరాదు. వంటపాత్రలు వాడరాదు.

కొందరు “రెండు చెంచాలు ఎక్కువ వేస్తే తొందరగా చస్తాయి” అందురు. అది పొరపాటు. చావు ఆలస్యమగుట మందు స్వభావము. ఎక్కువ వేసినంత మాత్రమున ఆ గడువు తగ్గదు. ఖర్చు పెరుగును, చచ్చిన ఎలుకను తిను గుడ్లగూబకు ప్రమాదము పెరుగును. తక్కువ వేసినచో ఎలుక తిని బ్రతుకును. కంటిచూపు కొలతకన్న పచారీ దుకాణపు త్రాసు మేలు.

ఒక్కొక్క కాగితపు పొట్లములో 15 గ్రాములు కట్టవలెను. కిలోకు 66 పొట్లములు వచ్చును. నూరెకరముల ఆయకట్టులో 2,000 కన్నములు లెక్కకు వచ్చినవనుకొందము. దానికి 30 కిలోల ఎర, అనగా నూకలు 28 కిలోల 800 గ్రాములు, నూనె 600 గ్రాములు, మందు 600 గ్రాములు చాలును.

కన్నమును గురిచూచుట

గట్టు మీద కనబడు కన్నములన్నిటిలో ఎలుక ఉండదు. ఖాళీ కన్నములో పెట్టిన ఎర గాలిలో పేల్చిన తూటా వంటిది. మొదటి రోజు సాయంకాలము కన్నములన్నిటిని మట్టితో మూయవలెను. మరునాటి ఉదయము తెరచియున్నవానిలో ఎలుక ఉన్నట్లు. వాని ప్రక్కన ఒక పుల్ల గ్రుచ్చి లెక్క వ్రాసికొనవలెను. ఆ కన్నములలో మాత్రమే పొట్లమును పుల్లతో లోనికి నెట్టవలెను. బయట వదలరాదు. వారము పది రోజుల తరువాత మరల కన్నములు మూసి చూచి, తెరచుకొన్నవానిలో రెండవసారి పెట్టవలెను.

సార్వాలో నాట్లకు ముందును, నాటిన కొలది వారములలోను ఈ పని ముగియవలెను. అప్పుడు ఎలుకలు తక్కువ, తిండియు తక్కువ. చేను పాలుపోసుకొన్న తరువాత ఎదుట కంకి ఉండగా ఎలుక నూకల పొట్లమును వెదకదు. వరద వచ్చి చేలు మునిగినప్పుడు ఎలుకలు మెరక గట్లకు చేరును. ఆ అదనును విడువరాదు. దాళ్వాకును ఇదే పద్ధతి.

నేను చేసిన పొరపాటు

మూడేండ్ల క్రిందట నా పరిధిలో ఒక ఆయకట్టున ఈ కార్యక్రమమును నేనే జరిపించితిని. కొలతలో తప్పు లేదు, కన్నములు గుర్తించుటలో తప్పు లేదు. కాని సభకు వచ్చిన భూస్వాముల చేలలోనే ఎర పెట్టించితిని. కౌలుదారులకు కబురు పంపలేదు. కాలువ గట్టును, ప్రక్కనున్న చేపల చెరువు గట్టును ఎవరివని అడుగలేదు. నెల తిరుగకముందే ఆ గట్లలోని ఎలుకలు చేలలోనికి వచ్చినవి.

కోతలప్పుడు ఒక కౌలు రైతు నన్ను తన చేనికి తీసికొనిపోయి, పరుపు పరచినట్లు కోసిపడియున్న పిలకలను చూపెను. కౌలు ఇన్ని బస్తాలని ముందే ఒప్పందము. ఎలుక తిన్నది భూస్వామి వాటాలోనుండి పోదు, అతని వాటాలోనుండియే పోవును. “నాకు చెప్పుంటే నేనూ వచ్చేవాణ్ణి కదండీ” అన్నాడు. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయెను.

నాటినుండి నా నియమమిది: ఆయకట్టు మొత్తము, ఒకే మూడు రోజులలో. మొదటి రోజు కన్నములు మూయుట, రెండవ రోజు లెక్కించి ఎర కలుపుట, మూడవ రోజు ఉదయము అందరును ఒకేసారి పెట్టుట. కౌలుదారుల పేర్లు జాబితాలో మొదట వ్రాయవలెను. కాలువ గట్లు, రోడ్డు ప్రక్కలు, చెరువు గట్లు, బీళ్లు ఎవరి బాధ్యతయో సభలోనే తేల్చవలెను. ఈ విషయమున గ్రామ రెవిన్యూ అధికారులును, రైతు సేవా కేంద్రముల సహాయకులును చేయగల సాయము చాల ఉన్నది.

జాగ్రత్తలు

మన ప్రాంతములో బాతుల మందలు చేలలో తిరుగును. ఎర పెట్టు వారము మందలవారికి ముందుగా చెప్పవలెను. చెరువు నీటిలో ఎర పడనీయరాదు. మిగిలిన ఎరను, మందును పిల్లలకు అందకుండ తాళము వేసి ఉంచవలెను. ఎవరైన పొరపాటున మ్రింగినచో, జబ్బు కనబడువరకు ఆగక, మందు పొట్లముతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా కలదు.

చచ్చిన ఎలుకలను చేతి తొడుగులతో ఏరి లోతుగా పాతవలెను. ఎలుక మూత్రము కలిసిన నీటివలన ఎలుక జ్వరము రావచ్చును. కాళ్లచేతులకు పుండ్లున్నవారు మరింత జాగ్రత్తగా నుండవలెను.

మందొకటే దిక్కని తలపరాదు. గట్లను సన్నముగా చెక్కి, గడ్డి లేకుండ ఉంచినచో కన్నములకు చోటు తగ్గును. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టువారిని నాట్లప్పుడే పిలిపింపవలెను. గుడ్లగూబలు వ్రాలుటకు చేలో కర్రలు పాతవలెను. జెర్రిపోతును చంపరాదు. అది జీతము లేని కాపరి.

మరల ఆ సభ సంగతి. తుపాకి అడిగిన బాబాయిగారే ఆ ఏడు తమ ఆయకట్టుకు త్రాసు పట్టుకొని కూర్చుండిరి. ప్రతి పొట్లము 15 గ్రాములు తూగువరకు వదలలేదు. “తుపాకి లేకపోతేనేం, గురి మనదే కదండీ” అని ఆయన అన్న మాట నాకు నచ్చినది. రానున్న సార్వాకు నాట్లకు ముందే మీ ఆయకట్టులో ఒక సభ జరిపి, ఒక త్రాసును సిద్ధపరచుకొనుడు.