మన్నికతో పాటు పట్టూ చూడాలి
వేసవిలో టాక్సీ టైర్ల ఎంపికపై శ్రద్ధ అవసరం

రెంటచింతల: పల్నాడులో వేసవి వచ్చిందంటే మాచర్ల, గురజాల, పిడుగురాళ్లలో టాక్సీ కార్లకు తీరిక వుండదు. పెళ్లిళ్లు, తీర్థయాత్రలు అన్నీ అప్పుడే. ఎండలకు పెట్టింది పేరైన రెంటచింతల మీదుగా పోయే తారు రోడ్డు మిట్టమధ్యాహ్నం పెనంలా కాలుతుంది. ఇలాంటి రోడ్లపై తిరిగే కార్లకు టైర్లు కొనేటప్పుడు ‘ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?’ అని మాత్రమే అడిగితే చాలదు.

గట్టి రబ్బరు టైరు నిదానంగా అరుగుతుంది. కానీ తడి రోడ్డుపై పట్టు సాధారణంగా తక్కువ. మెత్తని రబ్బరుకు పట్టు ఎక్కువ, మన్నిక తక్కువ. వేసవిలో తడి ఎక్కడిదని అనుకోరాదు. నెలల తరబడి రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ముపై గాలివాన తొలి జల్లు పడితే బ్రేకు వేసినా బండి జారుతుంది.

మన్నిక వల్ల మిగిలేదెంత? టైరు ధర 5 వేల రూపాయలనుకుందాం. 40 వేల కిలోమీటర్లు నడిస్తే నాలుగు టైర్లకు కిలోమీటరుకు 50 పైసల ఖర్చు. 60 వేలు నడిస్తే 33 పైసలు. అంటే 200 కిలోమీటర్ల కిరాయిలో మిగిలేది సుమారు 33 రూపాయలు.

కొన్ని టైర్ల పక్క గోడపై ‘ట్రెడ్‌వేర్’ అంకె వుంటుంది. అది ఎంత ఎక్కువైతే మన్నిక అంత ఎక్కువ. దాని పక్కనే తడిలో పట్టును, వేడికి తట్టుకునే శక్తిని తెలిపే అక్షరాలు వుంటాయి. పట్టుకు ‘ఎఎ’, వేడికి ‘ఎ’ అన్నింటికన్నా మేలు. ముందు ఈ రెండూ చూసి, వాటిలో నెగ్గిన టైర్లలో మన్నికైనది ఎంచుకోవాలి.

తయారీ తేదీ కూడా ముఖ్యమే. నాలుగంకెల్లో ‘2324’ అని వుంటే 2024లో 23వ వారం తయారైనదని అర్థం. ఎండకు రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది కనుక గాడులు లోతుగా వున్నా పాత టైరును నమ్మరాదు.

ఎంత మంచి టైరైనా గాలి తగ్గితే పక్క గోడలు నలిగి లోపల వేడి పుడుతుంది. పైగా నిండా జనం, సామాను వుంటే పేలే ప్రమాదం ఎక్కువ. డ్రైవరు తలుపు దగ్గర రాసి వున్న లెక్క ప్రకారం, ఉదయం టైరు చల్లగా వున్నప్పుడే గాలి చూడాలి. నడుస్తూ వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిందని తీసేయడం తప్పు. చల్లారాక గాలి తక్కువవుతుంది.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చి తీరాలి. ఆ హద్దును చూపే చిన్న రబ్బరు కట్టలు గాడుల్లోనే వుంటాయి. కిరాయి మాట్లాడుకునే వారు కారెక్కే ముందు వంగి వాటిని చూసుకోవాలి. గాడులు ఆ కట్టలతో సమానంగా అరిగి వుంటే వేరే కారు అడగడం మేలు.