తాతగారి గుర్రానికి కొత్త కాలు

సంక్రాంతికి పదిరోజుల ముందు మా అమ్మ అటక మీంచి బొమ్మల పెట్టె దింపించడం విజయనగరంలో మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారి దింపింది మా అక్క కూతురు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకి వచ్చింది. పాత చీర ముక్కల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతూ ఉంటే చక్రాల గుర్రం బయటపడింది. ముందుకాలు ఒకటి విరిగిపోయింది. మెడ దగ్గర రంగు పెచ్చులు లేచింది.

"అయ్యో! మీ తాతగారు కొన్నదే అది. మా పెళ్లయిన ఏడు పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో కొన్నారు" అంది అమ్మ. నాన్నగారు పోయి ఆరేళ్లు. ఆ గుర్రాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఓసి గుంటా, నువ్వు అక్కడ గుర్రాల బొమ్మలకి రంగులేస్తావట కదా. దీనికీ వేసి కొత్తగా చేసిపెట్టవే" అంది.

నిజమే. మా పిల్లకి అదొక పిచ్చి. సెల్‌ఫోన్లో ఫొటోలు చూపించేదాకా నేనూ అదేదో చిన్నపిల్లల ఆటనుకున్నాను.

గుర్రం మీద గుర్రం

అమెరికాలో బ్రయర్ అని ఒక కంపెనీ ఉంది. 1950లో షికాగోలో ఉండగా గడియారం పక్కన అలంకారానికని ప్లాస్టిక్ గుర్రం ఒకటి చేసింది. గడియారం సంగతలా ఉంచి, ఆ గుర్రమే కావాలని జనం అడిగారట. అప్పట్నుంచి గుర్రాలే వాళ్ల వ్యాపారం. పెద్ద రకం బొమ్మ అసలు గుర్రంలో తొమ్మిదో వంతు ఉంటుంది. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో 1990 నుంచి వీటికోసం ఉత్సవమే జరుగుతోంది.

ఆ బొమ్మల్ని కొనుక్కుని వాటి రూపమే మార్చేసే కళాకారులున్నారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువట. నిలబడ్డ గుర్రం పరిగెత్తాలంటే కాలిని వేడిగాలితో మెత్తబరిచి వంచుతారు. వంగకపోతే కోసి, లోపల తీగ పెట్టి, గట్టిపడే ముద్దతో కండరాలు దిద్దుతారు. గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకి మాస్కు తప్పనిసరి. తర్వాత రంగుసుద్దల్ని పొడిచేసి పొర మీద పొర అద్దుతారు. మేకబొచ్చుతో జూలూ తోకా అతికిస్తారు. ఒక గుర్రానికి నెలలు పడుతుందంటే నమ్ముతారా? అసలు గుర్రాలకి ఉన్నట్టే వీటికీ పోటీలున్నాయి. మోకాలి కీలు సరైన చోట లేకపోతే మార్కులు పోతాయిట!

పని పూర్తయ్యాక పొట్ట కిందో కాలి లోపలివైపో కళాకారిణి తన పేరు రాసుకుంటుంది. కంపెనీ చేసిన గుర్రమే అయినా అప్పట్నుంచి అది ఆవిడ గుర్రం. ఆ మాట నాకు భలే నచ్చింది. వంట, ముగ్గు, అల్లిక... మన పని దేనిమీద మన పేరు రాసుకున్నాం గనక!

"నేను వెయ్యనమ్మమ్మా"

రెండురోజులు ఆ చెక్కగుర్రాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని తిప్పితిప్పి చూసింది మా పిల్ల. మూడోరోజు, "అమ్మమ్మా, దీనికి నేను రంగు వెయ్యను" అంది.

అమ్మకి మనసు కష్టపెట్టుకోడం రాదు, నోటితోనే అనేస్తుంది. "అదేటే! ప్లాస్టిక్ గుర్రాలకైతే నెలలు కూర్చుంటావు. మీ తాత గుర్రమనేసరికి తీరిక లేదా?"

"అవి అచ్చులోంచి వేలకొద్దీ వస్తాయి. ఒకటి చెరిపినా ఇంకోటి దొరుకుతుంది. ఇది ఎవరో కూర్చుని చేతితో చేసింది. నేను గీకేస్తే ఆ పని పోతుంది, మళ్లీ రాదు" అందది.

"ఎవరో అంటే ఎవరే? పేరుందా ఊరుందా?" అంది అమ్మ.

పేరు లేదు. ఊరు మాత్రం నాకు తెలుసు. అది ఏటికొప్పాక లక్కబొమ్మ.

వరాహ నది ఒడ్డున

మర్నాడు గుర్రాన్ని గుడ్డసంచీలో పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం. యలమంచిలిలో రైలు దిగి ఆటో ఎక్కాం. విశాఖ జిల్లాలో ఉండే ఏటికొప్పాక 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది.

ఆ బొమ్మలకి వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. కర్రని లేతు మీద గిర్రున తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కకడ్డీని అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది. పైన మొగలిరేకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. లేతు మీద గుండ్రనివే వస్తాయి కనక గుర్రానికి ఒళ్లు, మెడ, కాళ్లు వేరువేరుగా చేసి తర్వాత కూరుస్తారు.

మధ్యలో చవక రసాయన రంగులు వచ్చిపడ్డాయి. చంటిపిల్లలు బొమ్మని ముందు నోట్లోనే పెడతారు కదా! ఆ ఊరి సి.వి.రాజుగారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

మేం వెళ్లిన ఇంట్లో పెద్దాయన గుర్రాన్ని చేతిలోకి తీసుకుని విరిగిన చోట గోటితో గీరి చూశాడు. "పాత సరుకమ్మా ఇది. కాలు కడతాను గానీ రంగు కలవదు. కొత్తది కొత్తగానే కనిపిస్తాది" అన్నాడు.

"కనిపించనీండి. అలాగే ఉండాలి" అంది మా పిల్ల.

మిగతా కాలి కొలతలు తీసి, అరగంటలో కొత్తకాలు తీశాడు. భార్య జిగురు రాసి, కాలు బిగించి, ఎండలో పెట్టింది. పెచ్చులు లేచినచోట మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

వచ్చేస్తుంటే మా పిల్ల పెన్ను తీసి, "మీ ఇద్దరి పేర్లూ కాలి లోపలివైపు రాసివ్వండి" అంది. ఆయన నవ్వేశాడు. "పేరెందుకమ్మా! బొమ్మ బాగుంటే సాల్దా?" ఆవిడ మాత్రం నవ్వలేదు. పెన్ను అందుకుని, నెమ్మదిగా, కూడబలుక్కుంటూ ముందు ఆయన పేరు, కింద తన పేరు రాసింది. ఇచ్చేముందు సిరా ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుంది.

ఆ రాత్రి రైల్లో అమ్మ గుర్రాన్ని సంచీలోంచి తీసి కొత్తకాలు నిమిరింది. "కొట్టొచ్చినట్టు కనిపిస్తోందే" అంది. కాసేపాగి, "పోన్లే. ఎవరైనా అడిగితే చెప్పొచ్చు" అంది. కొలువులో పేరంటాళ్లందరూ అడిగారు. అమ్మ అందరికీ చెప్పింది, నాన్నగారి దగ్గర మొదలుపెట్టి.

మీ అటక మీదా ఇలాంటివి ఉంటాయి. పారేసేముందు, పెయింటు డబ్బా తెరిచేముందు ఒక్కసారి చూడండి. పొడిగుడ్డతోనే తుడవండి, నీళ్లు తగలనివ్వకండి. ఏ రంగో తెలియని పాతబొమ్మల్ని పసిపిల్లల నోటికి అందనివ్వకండి. విరిగితే చేసినవాళ్ల ఊరికి తీసుకెళ్లండి. వచ్చేముందు చేసినవాళ్ల పేరు అడగడం మాత్రం మరిచిపోకండేం!