ఇంటికి పది అక్షరాల గుర్తు

దరఖాస్తు ఫారంలో 'డోర్ నంబరు' అన్న గడి దగ్గరకు రాగానే మన హాస్టల్ పిల్లలు చాలామంది పెన్ను ఆపుతారు. కాలువ కట్ట మీది ఇళ్ళకూ, లంకల్లోని పాకలకూ, కొత్తగా లేచిన కాలనీలకూ చాలాచోట్ల నంబరు ఉండదు. "అంబేద్కర్ కాలనీ, వాటర్ ట్యాంకు వెనుక" అని రాస్తాం. పోస్ట్‌మ్యాన్ ఊరివాడైతే ఉత్తరం చేరుతుంది. కొత్తవాడైతే వెనక్కి పోతుంది. మాలో ఒకరికి రావలసిన కాల్ లెటర్ అలాగే వెనక్కి పోయింది.

1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడు మొదలైంది. దాన్ని రూపొందించినవారు శ్రీరాం భికాజీ వేలంకర్. 520 అంటే విజయవాడ, 522 అంటే గుంటూరు వైపు. ఆరంకెలూ కలిస్తే పోస్టాఫీసు తెలుస్తుంది. అక్కడితో దాని పని సరి. ఒకే పిన్ కోడు కింద అనేక ఊళ్ళుంటాయి.

ఆ తరువాతి మెట్టు డిజిపిన్. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి దీన్ని తయారుచేశాయి. తపాలా శాఖ 2025 మేలో విడుదల చేసింది. పది అక్షరాలతో సుమారు నాలుగు మీటర్ల చదరపు గడిని గుర్తిస్తుంది. దీని వెనుక లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలిగినదే. కాగితం తీసుకోండి.

భారతదేశాన్ని కప్పేలా ఒక చతురస్రం గీశారు. అక్షాంశం 2.5 నుంచి 38.5 వరకు, రేఖాంశం 63.5 నుంచి 99.5 వరకు. అంటే అటూ ఇటూ 36 డిగ్రీలు. దాన్ని నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా పదహారు గడులు చేశారు. పై వరుసలో ఎఫ్, సి, 9, 8. రెండో వరుసలో జె, 3, 2, 7. మూడో వరుసలో కె, 4, 5, 6. కింది వరుసలో ఎల్, ఎం, పి, టి. 2 దగ్గర మొదలుపెట్టి క్రమంగా వేలు జరిపితే నత్తగుల్లలా చుట్టు తిరుగుతుంది. సున్నా, ఒకటి, ఓ, ఐ లేవు. చూపుకు ఒకలాగే ఉండేవాటిని పక్కన పెట్టడం మంచి పని.

ఇప్పుడు ప్రకాశం బ్యారేజీని పట్టుకుందాం. అక్షాంశం సుమారు 16.51, రేఖాంశం 80.61. ఒక్కో గడి 9 డిగ్రీలు కనుక బ్యారేజీ మూడో వరుస, రెండో నిలువులో పడుతుంది. అక్షరం 4. ఆ గడిని మళ్ళీ పదహారు చేస్తే రెండో వరుస, నాలుగో నిలువు. అక్షరం 7. మూడోసారి పి, నాలుగోసారి సి. అప్పటికి గడి సుమారు పదిహేను కిలోమీటర్లకు వచ్చింది. ఇలా పదిసార్లు చేస్తే చాలు. గుంటూరు, తెనాలి కూడా 47పి తోనే మొదలవుతాయి. గుడివాడ, మచిలీపట్నం మాత్రం 47టి. జిల్లాల విభజనతో దీనికి సంబంధం లేదు. 2022లో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, కానీ కోడులో ఒక్క అక్షరమూ మారదు.

ఇదే లెక్కను ప్రోగ్రాముగా రాసి తపాలా శాఖ అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇలాంటి దాన్ని లైబ్రరీ అంటారు. పుస్తకాల గది అనుకోకండి. ఎవరో ఒకసారి రాసి పెట్టిన పనిముట్టు, మనం తెచ్చుకొని వాడుకోవడమే. ఇందులో ప్రధానమైన పనులు రెండు. అక్షాంశ రేఖాంశాలిస్తే కోడు తయారుచేయడం, కోడు ఇస్తే దాన్ని విడదీసి గడి మధ్య బిందువు చెప్పడం. మొదటిది తేలిక. రెండో దానిలోనే జాగ్రత్త కావాలి, ఎందుకంటే కోడును ఇచ్చేది మనిషి. మధ్యలో గీతలుంటే తీసెయ్యాలి, పది అక్షరాలున్నాయో లేదో చూడాలి, పదహారింటిలో లేని అక్షరం వస్తే ఒప్పుకోకూడదు.

ఇవన్నీ చేసినా ఒక లోపం మిగిలిపోతుంది. ఆధార్‌లో చివరి అంకె మిగతా పదకొండింటినీ సరిచూడడానికే ఉంది. డిజిపిన్‌లో అలాంటిది లేదు. ఫోనులో 'పి' అంటే 'టి' అని విన్నారనుకోండి. విజయవాడ కోడులో మూడో అక్షరం మారితే సుమారు అరవై కిలోమీటర్లు తూర్పుకు, కైకలూరు వైపు తేలుతాం. కంప్యూటరు తప్పని చెప్పదు, అది కూడా సరైన కోడే మరి! అదే పదో అక్షరం తప్పితే ఇరవై మీటర్లు కూడా దాటదు. పదకొండో అక్షరంగా సరిచూసేది ఒకటి పెట్టి ఉండవలసిందని మా అభిప్రాయం.

ఇంకొకటి కూడా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలి. ఇది చోటుకు గుర్తు, మనిషికి కాదు. మేడ మీదా కిందా ఒకటే కోడు. మన హాస్టల్లో మాత్రం మెస్సుకు ఒకటి, స్నానాల గదులకు వేరొకటి వస్తాయి. కట్ట మీద ఇంటికి కోడు వచ్చినంత మాత్రాన పట్టా వచ్చినట్టు కాదు. నివాస ధ్రువపత్రం అడిగినచోట ఇది చెల్లదు, చిరునామాకు తోడుగా మాత్రమే రాయాలి.

మరి ఎందుకంటారా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు పంపారు. పాన్ షాపు పక్కన, బోరింగు ఎదురుగా అని చెబుదామంటే ఆ కొండగుర్తులన్నీ నీళ్ళలో ఉన్నాయి. అలాంటప్పుడు నీళ్ళలో మునగని గుర్తు ఒకటి చేతిలో ఉండాలి. కోడు లెక్కకు ఇంటర్నెట్ కూడా అక్కరలేదు, ఫోనులో జీపీఎస్ ఉంటే చాలు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాకిట్లో, ఆకాశం కనబడేచోట నిలబడి కోడు తీయండి. ఇంటి లోపల జీపీఎస్ కొంత తప్పుతుంది. అమ్మానాన్నలకు రాసి ఇవ్వండి. ఫోనులో చెప్పేటప్పుడు మాత్రం సి అంటే చల్లపల్లి, జె అంటే జగ్గయ్యపేట, కె అంటే కంకిపాడు, ఎల్ అంటే లంక, ఎం అంటే మచిలీపట్నం, పి అంటే పామర్రు, టి అంటే తెనాలి అని చెప్పమనండి. ఎఫ్‌కు మన వైపు ఊరు దొరకలేదు, ఫ్యాను అనండి.