శిక్ష ముగిసిన తరువాత



జైలు నుండి విడుదలైన సహోదరుని గూర్చి, ‘శిక్ష అయిపోయింది గదా’ అని తేలికగా అంటుంటాము. అతడు ఉద్యోగ దరఖాస్తు ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ‘మీకు ఏ కేసులోనైనా శిక్ష పడినదా?’ అని అందులో ప్రశ్న ఉంటుంది.

అక్కడ ‘లేదు’ అని వ్రాసెయ్యమనేవారు మన సంఘాలలోనే ఉన్నారు. దయచేసి ఆ సలహా ఇవ్వకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే విచారించింది. శిక్ష సంగతి దాచినవానిని ఉద్యోగము నుండి తొలగించవచ్చును. చిన్న వయసులో నినాదాలు చేసినటువంటి అల్ప నేరమైతే అధికారి మన్నించవచ్చు గాని, అది అతని ఇష్టము. నిజము చెప్పినంత మాత్రాన ఉద్యోగము ఇచ్చి తీరాలనీ లేదు. కష్టమైన మాటే. అయినా దాచినవాడు పాత నేరముతోబాటు కొత్త అబద్ధమునకు కూడా జవాబు చెప్పవలసి వస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లి బ్రతుకుదామనుకుంటే పాస్‌పోర్టు చట్టము అడ్డు వస్తుంది. దరఖాస్తుకు ముందటి 5 సంవత్సరాలలో నైతిక పతనముతో కూడిన నేరానికి 2 సంవత్సరాలు గాని అంతకు మించి గాని జైలుశిక్ష పడియుంటే పాస్‌పోర్టు నిరాకరిస్తారు. ఓటు మాత్రం జీవితాంతం పోదు. జైలులో ఉన్నంతకాలమే వేయకూడదు. ఇది తెలియక పోలింగు రోజున ఇంట్లో కూర్చునేవారున్నారు!

కాగితం అడగని చోట్ల మరొక ప్రశ్న ఎదురవుతుంది: ‘నిన్ను ఎరిగినవారెవరు?’ దుకాణదారుడు, ఇంటి యజమాని అడిగేది ఇదే. ఒనేసిము కొరకు పౌలు ప్రార్థనతో సరిపెట్టలేదు, అతని బాకీ తన లెక్కలో వేయమని ఫిలేమోనుకు వ్రాశాడు. మన పెద్దలలో ఎందరు అలా పూచీ పడతారు?

కేసు ఇంకా నడుస్తున్న కుటుంబాలకు ఒక మాట. 1958 నాటి ప్రొబేషన్ చట్టము క్రింద, మరణశిక్ష గాని యావజ్జీవము గాని లేని నేరాలలో, కోర్టు జైలుకు బదులు సత్ప్రవర్తన బాండుపై విడిచిపెట్టవచ్చును. 21 ఏండ్లలోపువారి విషయంలో జైలుకే పంపాలంటే కోర్టు కారణాలు వ్రాయాలి. అలా విడుదలైనవారికి, శిక్ష పడినందువలన చట్టప్రకారం కలిగే అనర్హత అంటదు. నేరము రుజువైన మాట మాత్రం చెరిగిపోదు గనుక శాఖాపరమైన చర్య తప్పకపోవచ్చును. తీర్పుకు ముందే మీ వకీలును ఈ సంగతి అడగండి. అప్పీలులో కూడా అడగవచ్చును. వకీలును పెట్టుకొనే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయము చూడకుండానే ఉచితంగా వకీలును ఇస్తారు.