గవర్నరుగారు మాజీ కెప్టెన్

1932 ఫిబ్రవరి 6. కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవం. బెంగాల్ గవర్నరు స్టాన్లీ జాక్సన్ ప్రసంగిస్తున్నాడు. పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన బీనా దాస్ అనే 20 ఏళ్ల అమ్మాయి ముందుకొచ్చి రివాల్వరుతో కాల్చింది. ఒక్క గుండూ తగల్లేదు. ఆమెకు 9 ఏళ్ల జైలుశిక్ష పడింది. చరిత్ర పుస్తకాలు ఇంతవరకే చెబుతాయి. ఆ జాక్సన్ 1905లో ఆస్ట్రేలియాను ఓడించిన ఇంగ్లండ్ జట్టుకు కెప్టెన్ అన్న ముక్క నాకు దొరికింది క్రికెట్ పుస్తకంలో.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆదివారాలు జిల్లా మ్యాచ్‌లకు స్కోరు రాసేవాణ్ణి. ఆ రెండు అలవాట్ల వల్ల ఒకటి గట్టిగా అనగలను. 1932లో రాజకీయం ఒక పేజీలో, ఆట ఇంకో పేజీలో లేవు. పాత్రధారులు చాలావరకు వాళ్లే.

వైస్రాయి విల్లింగ్డన్‌నే చూడండి. కుర్రతనంలో కేంబ్రిడ్జికీ ససెక్స్‌కీ ఆడినవాడు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన గాంధీజీని జనవరి 4న, ఇంకా తెల్లవారకముందే, బొంబాయిలో అరెస్టు చేయించి ఎరవాడ జైలుకు పంపాడు. కాంగ్రెస్‌ను నిషేధించారు. జైళ్లు నిండిపోయాయి. ఆ వేసవిలోనే భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లాలి. నాయకులంతా జైల్లో ఉంటే మేం ఓడెక్కి ఆటలకు పోవడమేమిటని విజయ్ మర్చంట్, ఎల్.పి. జయ్ వంటి బొంబాయి ఆటగాళ్లు ఆగిపోయారు. మర్చంట్ వంటి బ్యాట్స్‌మన్ లేని జట్టు ఎంత నష్టపోయిందో స్కోరుబుక్కు తెలిసినవాడెవడికైనా అర్థమవుతుంది. అయినా నాకు ఆయన మీద గౌరవమే.

కెప్టెన్సీ రాజులకే దక్కింది. పోర్‌బందర్ మహారాజా కెప్టెన్, లింబ్డీ రాజకుమారుడు వైస్ కెప్టెన్. మన విజయనగరం రాజకుమారుడు విజ్జీకి వాళ్ల తర్వాతి పదవి ఇస్తే, ఆరోగ్యం బాగాలేదని మానుకున్నాడు. పోర్‌బందర్ మహారాజా ఆ పర్యటన మొత్తమ్మీద ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో చేసిన పరుగులు 2. మంచి పని ఒకటి చేశాడు, తను తప్పుకున్నాడు. అలా జూన్ 25న లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు జట్టును నడిపించినవాడు నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, కొఠారి కనకయ్య నాయుడు. రాజు కాదు, హోల్కర్ కొలువులో ఉద్యోగి.

ఆ పొద్దున్న ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు. నిస్సార్ బంతికి సట్‌క్లిఫ్, హోమ్స్ ఇద్దరూ బౌల్డ్, వూలీ రనౌట్. బొంబాయిలో పుట్టిన డగ్లస్ జార్డిన్ నిలబడి 79 కొట్టకపోతే 259 దాకా వచ్చేవాళ్లు కాదు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడు 40 చేశాడు, మనవాళ్ల 189లో అదే పెద్ద స్కోరు. రెండో ఇన్నింగ్స్‌లో అమర్‌సింగ్ 51. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం.

ఆగస్టులో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్ హాకీలో మూడే జట్లు. అమెరికాను 24–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. రూప్‌సింగ్ 10 గోల్స్, అన్న ధ్యాన్‌చంద్ 8. అదే నెలలో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ అంటరానివారికి ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించాడు. అవి అంబేద్కర్ కోరినవే. వాటికి వ్యతిరేకంగా గాంధీజీ సెప్టెంబరు 20న ఎరవాడలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 24న పూనా ఒడంబడిక కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, రిజర్వు స్థానాలు 71 నుంచి 148 అయ్యాయి.

దాని మీద సంతకాలు చేసినవాళ్లలో పి. బాలూ అని ఓ పేరుంది. పల్వంకర్ బాలూ, చమార్ కులస్థుడు. పూనాలో దొరల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, వాళ్లకు నెట్స్‌లో బంతులు వేస్తూ ఎడమచేతి స్పిన్ నేర్చాడు. హిందూ జట్టు అతణ్ణి ఆడించింది కానీ టీ మాత్రం విడిగా మట్టిపిడతలో, పెవిలియన్ బయట ఇచ్చింది. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసినా హిందువుల కెప్టెన్సీ అతనికి రాలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు వచ్చింది. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ బాలూను బొంబాయిలో అంబేద్కర్ మీదే నిలబెట్టింది. సుమారు 2,000 ఓట్ల తేడాతో అంబేద్కర్ గెలిచారు.