భూగర్భమునందలి వాయువు – ప్రతిధ్వని సాక్ష్యము

కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి, ధ్వనినిబట్టి పగులున్నదో లేదో తెలిసికొందురు. లోపలి స్థితిని బయటి ధ్వనిచే గ్రహించు నీ యుపాయముతోనే, భూమిలోపల మిక్కిలి లోతుననున్న చమురును, వాయువును శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. 1921వ సంవత్సరమున అమెరికాయందలి ఒక్లహోమాలో జె. సి. కార్చరు మొదలగువారు దీనిని పరీక్షించి చూచిరి.

చమురు భూగర్భమున చెరువువలె నిలిచియుండునని పలువురు తలంతురు. అది సరికాదు. తడిసిన యిటుకలో నీరువలె, ఇసుకరాతి రేణువుల నడుమ సూక్ష్మరంధ్రములలో నది యిమిడియుండును. పైన బంకమట్టిరాయి మూతవలె కప్పియున్నగాని యచట నిలువదు. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల యడుగుననున్న ఖొండలైటు మొదలగు శిలలు తీవ్రమైన వేడిమిచేతను, ఒత్తిడిచేతను మార్పుచెందిన కఠినశిలలు. అట్టివానియందు చమురు పుట్టదు. దక్షిణమున కృష్ణా గోదావరీ మండలమునందో, యుగయుగములుగా పేరుకొనిన మట్టి, ఇసుక పొరలు వేలకొలది మీటర్ల మందమున గలవు. కాన ఓ.ఎన్.జి.సి. వారు 1978లో నరసాపురమునొద్ద బావి త్రవ్విరి.

వెదకు విధానమిది. నేలపై డైనమైటు ప్రేల్చియో, బరువైన యంత్రముచే నదరించియో కంపములు పుట్టింతురు. సముద్రమునందైన ఓడవెనుక సాధనములనుండి బిగించిన గాలిని ఒక్కుమ్మడి విడుతురు. పొర మారినచోటనెల్ల కంపము కొంత వెనుదిరుగును. దానిని జియోఫోనులను సాధనములు గ్రహించును. సగటు వేగము సెకండుకు 3000 మీటర్లై, ప్రతిధ్వని 2 సెకండ్లకు వచ్చెననుకొనుడు. పోక రాకలు కలిసి 6000 మీటర్లు. కావున పొర లోతు 3000 మీటర్లు.

ఇంతటితో తీరలేదు. రాతి సాంద్రతను ధ్వనివేగముచే గుణింపగా వచ్చు లబ్ధము రెండు పొరలకు ఎంత భిన్నమో, ప్రతిధ్వని యంత బలముగా నుండును. ఆ బలమునుబట్టి వెనుకకు లెక్కించి, అది యే రాయియో, రంధ్రము లేపాటివో ఊహింతురు. వాయువు చేరిన ఇసుకరాతిలో ధ్వనివేగము తగ్గును. కాని యిందొక చిక్కు కలదు. రంధ్రములలో వాయువు కొలదిగా నున్నను, నిండుగా నున్నను, వేగము ఇంచుమించు ఒక్కతీరుగనే తగ్గును. ప్రతిధ్వని “కల”దని చెప్పునేగాని, “ఎంత” యని తేల్చి చెప్పజాలదు. కావుననే బావి త్రవ్వి, రాతిముక్కను పైకి దీసి, లెక్కతో సరిచూచుట యవశ్యకము.

2002లో కాకినాడ కెదురుగా లోతుసముద్రమున, కె.జి. డి-6 యను భాగమునందు రిలయన్సువారు వాయువు కనుగొనిరి. దినమునకు 8 కోట్ల ఘనమీటర్లు వచ్చునని యాశించిరి. 2009 ఏప్రిలులో ఉత్పత్తి మొదలయ్యెను. కాని మరుసటి సంవత్సరము తరువాత వేగముగా తగ్గిపోయి, డి-1, డి-3 క్షేత్రములు 2020 ఫిబ్రవరిలో మూతబడెను. దానిని నమ్మి మనరాష్ట్రమున నిర్మించిన విద్యుత్కేంద్రములు కొన్ని వాయువులేక ఊరక నిలిచెను. భూగర్భమే యనుకొన్నట్లు లేదని కంపెనీవారును, తగినన్ని బావులు త్రవ్వలేదని ప్రభుత్వమువారును వాదించిరి.

విద్యార్థులారా! ప్రతిధ్వని గొప్ప సాక్షియే. కాని యొక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు. లెక్క యెంత చక్కగా కుదిరినను, రాతిని చేతబట్టి చూచువరకు అది యూహయేయని మరువకుడు.