తెలుగు సినిమాకు తొలి పెట్టుబడి: రఘుపతి వెంకయ్య

దక్షిణ భారతదేశంలో సినిమాను వ్యాపారంగా నిలబెట్టిన తొలితరంలో రఘుపతి వెంకయ్య (1869–1941) ముఖ్యులు. ఊరూరా బొమ్మలు చూపించడంతో మొదలుపెట్టి థియేటర్లు కట్టారు. థియేటర్ల మీద వచ్చిన డబ్బుతో కొడుకును విదేశాలకు పంపి సినిమా పని నేర్పించారు. చివరికి సొంత స్టూడియో కట్టి మూకీలు తీశారు. ప్రదర్శన, థియేటరు, శిక్షణ, స్టూడియో, నిర్మాణం అన్నవి నేడు వేర్వేరు రంగాలు. వీటన్నిటినీ ఒకే కుటుంబం ఒకదాని తర్వాత ఒకటిగా నిర్మించుకుంటూ పోవడమే ఆయన వృత్తి జీవితంలోని ప్రత్యేకత.

ఫొటోగ్రాఫరు నుంచి ప్రదర్శకుడి దాకా

వెంకయ్య స్వస్థలం మచిలీపట్నం. తండ్రి సైన్యంలో సుబేదారు. సంఘ సంస్కర్తగా, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పేరు పొందిన రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆయనకు అన్న. అన్న చదువుల వైపు వెళితే తమ్ముడు బొమ్మల వైపు మళ్లారు. పదిహేడేళ్ల వయసులో మద్రాసు చేరి, ఫొటోగ్రఫీలో స్థిరపడి, మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టుకున్నారు.

1895 డిసెంబరులో ల్యూమియేర్ సోదరులు పారిస్‌లో కదిలే బొమ్మలను డబ్బు తీసుకుని చూపించారు. 1896 జూలైలో ఆ బొమ్మలు బొంబాయి వచ్చాయి. దక్షిణాదిన తిరుచ్చి రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర యంత్రం కొని, డేరా వేసుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. సినిమా అప్పటికి సంతలోనో జాతరలోనో కనిపించే వింత మాత్రమే.

1909లో వెంకయ్య కంట క్రోనోమెగాఫోన్ అనే యంత్రం పడింది. ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ కంపెనీ తయారుచేసిన ఈ యంత్రంలో ప్రొజెక్టరు బొమ్మను చూపిస్తుంటే, దానికి జతచేసిన గ్రామఫోను పాటనో మాటనో వినిపించేది. పెద్ద హాలులో చివరి వరుస దాకా వినబడటానికి గాలిని ఒత్తిడితో పంపి శబ్దాన్ని పెంచేవారు. ఒక్కో రికార్డు నాలుగైదు నిమిషాలకు మించి నడవదు కాబట్టి చిత్రాలూ అంతే చిన్నవి. బొమ్మ ముందుకు పోయినా, రికార్డు వెనకబడినా పాట ఒకచోట, పెదవి ఒకచోట అయ్యేవి. అందుకే యంత్రం నడిపే మనిషి రెండింటి వేగాన్నీ కనిపెట్టి చూస్తూ సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది.

ఈ యంత్రం కోసం వెంకయ్య తన ఫొటో స్టూడియోను తాకట్టు పెట్టి రూ.30,000 సమకూర్చుకున్నారు. ఆ రోజుల్లో అది ఒక మధ్యతరగతి ఉద్యోగి జీవితకాలంలో కూడా కూడబెట్టలేని సొమ్ము. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ప్రారంభించారు. తర్వాత యంత్రాన్ని వెంటబెట్టుకుని బెంగుళూరు, విజయవాడ వంటి పట్టణాలకూ, సముద్రం దాటి సింహళానికీ, బర్మాలోని రంగూన్, పెగూలకూ వెళ్లారు. కూలిపనులకూ కొలువులకూ వలస వెళ్లిన తెలుగువారు ఆనాడు రంగూన్‌లో వేల సంఖ్యలో ఉండేవారు. మూకీలు తీసిన నిర్మాతగా గుర్తున్న మనిషి సినిమా రంగంలోకి అడుగుపెట్టింది శబ్దంతో వచ్చిన బొమ్మలతో కావడం విశేషం.

డేరా నుంచి థియేటరుకు

ఊరూరా తిరిగే ప్రదర్శనలో రాబడి ఎంత ఉన్నా ఖర్చులు వదిలేవి కావు. యంత్రం రవాణా, హాలు అద్దె, వానాకాలపు నష్టం ప్రతిచోటా ఉండేవి. ప్రేక్షకుల వెంట తాను వెళ్లే బదులు, వాళ్లే తన దగ్గరికి వచ్చే శాశ్వత కట్టడం ఉంటే మేలని వెంకయ్య గ్రహించారు. మద్రాసులో అంతకుముందు ఉన్న ఒకటి రెండు సినిమా హాళ్లు యూరోపియన్లవి. మౌంట్ రోడ్డు పక్కన వెంకయ్య కట్టిన గెయిటీ, దక్షిణాదిన భారతీయుడి సొంతమైన తొలి సినిమా థియేటరుగా పేరు పొందింది. తర్వాత మింట్ స్ట్రీటులో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ కట్టారు. గ్లోబ్ తర్వాతి కాలంలో రాక్సీ అయింది.

మూడు హాళ్లకు వారంవారం కొత్త బొమ్మ కావాలి. అప్పటికి ఈ దేశంలో తయారయ్యే చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. అందుకే ‘మిలియన్ డాలర్ మిస్టరీ’, ‘బ్రోకెన్ కాయిన్’ వంటి అమెరికన్ సీరియళ్లను తెప్పించి ఆడించారు. కథ ప్రతి భాగమూ ఉత్కంఠ దగ్గర ఆగేది కాబట్టి, ఈ వారం టిక్కెట్టు కొన్నవాడు వచ్చే వారమూ కొనేవాడు. పేర్లూ సంభాషణలూ తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో పడేవి. చదవలేని వారికోసం హాలులో ఒక మనిషి నిలబడి కథ చెప్పడం ఆనాటి వాడుక.

1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ బొంబాయిలో విడుదలై, పురాణ కథకు సొమ్ము చెల్లించే ప్రేక్షకులు ఉన్నారని రుజువు చేసింది. మద్రాసులో నటరాజ మొదలియార్ ‘కీచకవధ’ తీశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెంకయ్య చూపు కూడా నిర్మాణం వైపు తిరిగింది.

కొడుకు చదువు, గాజు స్టూడియో

తన మూలధనాన్ని కెమెరాల మీద కంటే ముందు మనిషి మీద పెట్టడం వెంకయ్య దూరదృష్టికి గుర్తు. కొడుకు రఘుపతి సూర్యప్రకాశ్‌ను ఇంగ్లండు పంపారు. లండన్ శివారు ఈలింగ్‌లోని బార్కర్ స్టూడియోలో ప్రకాశ్ కెమెరా నడపడం, ఫిల్ము కడగడం, కూర్పు నేర్చుకున్నారు. జర్మనీ, అమెరికాల్లోని స్టూడియోల పద్ధతులు కూడా చూసి వచ్చారు. అప్పటికి దక్షిణాదిన సినిమా తీసినవారిలో చాలామంది పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నవారే. విదేశీ స్టూడియోలో శిక్షణ పొందిన దర్శకుడు మద్రాసులో ఉండటం కొత్త సంగతి.

తండ్రీకొడుకులు కలిసి పురసవాకంలో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఫిల్మ్ కంపెనీని స్థాపించారు. దాని స్టూడియోను జనం గ్లాస్ స్టూడియో అని పిలిచేవారు. ఆనాటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి, విద్యుద్దీపాలతో షూటింగు చేయడం అందుబాటులో లేదు. అందుకే కప్పుకూ గోడలకూ గాజు పలకలు అమర్చి, ఎండను లోపలికి రానిచ్చేవారు. ఇటువంటి స్టూడియోల్లో ఎండ ఎక్కువైతే పలచని గుడ్డ తెరలు అడ్డం కట్టేవారు. మబ్బు పడితే పని ఆగిపోయేది.

కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 బొమ్మలు పడే వేగంలో వెయ్యి అడుగుల రీలు పదహారు, పదిహేడు నిమిషాలు నడుస్తుంది. ముడి ఫిల్ము మొత్తం విదేశాల నుంచి రావలసిందే. కాబట్టి పాడైన ప్రతి అడుగూ నిర్మాతకు నష్టమే.

‘భీష్మ ప్రతిజ్ఞ’

ఈ సంస్థ తొలి చిత్రం 1921లో తయారైన ‘భీష్మ ప్రతిజ్ఞ’. దర్శకత్వంతో పాటు భీష్ముడి పాత్రనూ ప్రకాశే చేశారు. గంగ పాత్రకు డి కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతిని తీసుకున్నారు. నాటక రంగంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజులవి. కుటుంబ స్త్రీలు కెమెరా ముందుకు రావడానికి సంఘం ఒప్పుకునేది కాదు. ఆ పరిమితి పట్టని ఆంగ్లో ఇండియన్ యువతులు దేశమంతటా ఎన్నో మూకీల్లో కథానాయికలయ్యారు. మాట వినబడదు కాబట్టి ఉచ్చారణ ఇబ్బందీ లేదు. తెలుగువారు తీసిన తొలి కథాచిత్రంగా ‘భీష్మ ప్రతిజ్ఞ’ను చరిత్రకారులు లెక్కిస్తారు. తర్వాత ‘గజేంద్ర మోక్షం’, ‘మత్స్యావతారం’, ‘నందనార్’ వంటివి అదే సంస్థ నుంచి వచ్చాయి. ఎరిగిన కథ అయితే సంభాషణ లేకున్నా ప్రేక్షకుడు తోవ తప్పడు; మూకీల కాలంలో పురాణాలకు గిరాకీ అందుకే.

సరిహద్దుల మధ్య సినిమా

ఈ చిత్రాల మార్కెట్టు నేటి తెలుగు రాష్ట్రాల మార్కెట్టు వంటిది కాదు. తెలుగు మాట్లాడే నేల అప్పుడు రెండు ప్రభుత్వాల కింద ఉంది. ఖమ్మం నిజాం రాజ్యంలోది; గోదావరి ఒడ్డున అడవుల మధ్య ఉన్న భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. బ్రిటిష్ ఇండియాలో 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం అమల్లోకి వచ్చి, మద్రాసులో సెన్సారు ఏర్పడింది. నిజాం ఇలాకా ఆ చట్టం పరిధిలోకి రాదు, అక్కడ మాట పాలకులది. హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీసిన ధీరేన్ గంగూలీ, ‘రజియా బేగం’ ప్రదర్శన నిజాం ఆగ్రహానికి కారణం కావడంతో 1924లో అక్కడి నుంచి వెళ్లిపోవలసి వచ్చింది. రైలు స్టేషన్లున్న పట్టణాలకు బొమ్మ త్వరగా చేరేది. అడవి దారుల్లోని ఊళ్లు మాత్రం డేరా సినిమా బండి కోసం ఎదురుచూడాల్సిందే.

నష్టం, వారసత్వం

స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఎక్కువ కాలం నిలవలేదు. థియేటరు నడిపేవారికి ఏ దేశపు బొమ్మ అయినా ఒకటే. ఒకటి ఆడకపోతే మరొకటి వేస్తారు. నిర్మాతకు ఆ వెసులుబాటు లేదు. విదేశీ చిత్రాలు తమ దేశాల్లోనే పెట్టుబడి రాబట్టుకుని ఇక్కడికి చవకగా వచ్చేవి. మద్రాసులో తీసిన చిత్రం మాత్రం నాలుగు పట్టణాల వసూళ్లతోనే బతకాలి. ప్రదర్శనలో సంపాదించినది నిర్మాణంలో కరిగిపోయి వెంకయ్య అప్పుల్లో పడ్డారు, సంస్థ మూతపడింది. ప్రకాశ్ ఇతర సంస్థల్లో పనిచేస్తూ మూకీల నుంచి టాకీలకు మారారు. 1940లో వచ్చిన తెలుగు చిత్రం ‘చండిక’ ఆయన దర్శకత్వంలోదే.

ఆ స్టూడియో వదిలి వెళ్లిన అసలైన ఆస్తి పని తెలిసిన మనుషులు. ప్రకాశ్ దగ్గర సహాయకుడిగా చేరిన కాకినాడ వాసి సి. పుల్లయ్య ఊరికి తిరిగి వెళ్లి ‘భక్త మార్కండేయ’ అనే మూకీ తీశారు. టాకీలు వచ్చాక కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీకి 1933లో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీసి ఘనవిజయం సాధించారు. గోల్కొండ చెరలో మగ్గిన భద్రాచల రామదాసు కథను 1933లోనే ‘రామదాసు’గా తెరకెక్కించిన వారిలో ఆయన ఒకరు. అలా పురసవాకం గాజు స్టూడియోలో నేర్చిన పని, పదేళ్లు దాటాక గోదావరి అడవి ఒడ్డు కథను మాటలతో, పాటలతో తెలుగువారికి చూపించింది.

ప్రకాశ్ తీసిన ఆనాటి మూకీలు నేడు చూడటానికి లేవు. నైట్రేటు ఫిల్ము త్వరగా మండుతుంది, వేడికీ తేమకూ చెడిపోయి చివరికి పొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక మూకీ రీళ్లకు గిరాకీ పోయి, వాటిని దాచాలన్న ఆలోచనే కరువైంది. దక్షిణాది మూకీల్లో చెప్పుకోదగినంతగా మిగిలినది 1933 నాటి ‘మార్తాండవర్మ’ ఒక్కటే.

వెంకయ్య 1941 మార్చి 15న మద్రాసులో మరణించారు. తెలుగు సినిమా పితామహుడిగా ఆయన పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో రఘుపతి వెంకయ్య అవార్డును నెలకొల్పింది. చిత్ర పరిశ్రమకు జీవితకాలమంతా సేవ చేసినవారికి ఇచ్చే ఈ పురస్కారాన్ని మొదట అందుకున్నది ఎల్.వి. ప్రసాద్. ఆయన కూడా నటన, దర్శకత్వాలతో ఆగకుండా స్టూడియో, ల్యాబొరేటరీ కట్టి నిర్మాతగా నిలిచినవారు.